పందికొక్కు గడియారం

రెండు మార్కుల ప్రశ్న అది. "ఏనుగు కంటే ఎలుకలో డీఎన్ఏ వేగంగా మారుతుంది. కారణం రాయండి." పేపరు తయారు చేసింది నేనే, కీ రాసుకున్నదీ నేనే. కీలో ఉన్నది ఒక్క వాక్యం: ఎలుకకు తరం చిన్నది కాబట్టి. క్లాసంతా అదే రాసింది, ఒక్క అమ్మాయి తప్ప. ఆ పిల్ల ఇలా రాసింది: "ఎలుక ఒళ్ళు పొయ్యిలాగా మండుతూనే ఉంటుంది. ఆ మంటలో పుట్టిన పొగ డీఎన్ఏకి పడుతుంది." చదివి నవ్వుకున్నాను. బాగా రాసిందనుకున్నాను. సున్నా వేశాను.

నేను ఉండేది గుంటూరులో, పాఠం చెప్పేది బెజవాడలో. పేపర్లు చాలాసార్లు రైల్లోనే దిద్దుతాను. ఆ రోజు మంగళగిరి దాటేలోపే కట్ట అయిపోయింది. కీ చేతిలో ఉంటే దిద్దడం ఎంతసేపు? మన రెండు ఊళ్ళలో కోచింగుల పుణ్యమా అని కీ అంటే వేదవాక్కు. ఆన్సర్ ఎందుకు అదే అయింది అని పిల్లలు అడగరు, మేమూ చెప్పం. అడిగినవాళ్ళకి టైమ్ వేస్ట్, చెప్పినవాళ్ళకి సిలబస్ వెనకబడుతుందని టెన్షన్. కానీ ఆ పొగ మాట మాత్రం నన్ను వదల్లేదు. తరవాత నెల రోజులు తీరిక దొరికినప్పుడల్లా ఈ విషయం మీద చదువుతూ కూర్చున్నాను. నా కీ తప్పని తేలలేదు. సగమే ఒప్పని తేలింది, అది ఇంకా ఇబ్బంది.

ముందు ఎలుకల సంగతి. మా పుట్టిల్లు తెనాలి పక్కన పల్లె. చిన్నప్పుడు వడ్ల కొట్టులో పందికొక్కులు తవ్విన మట్టి పొద్దున్నే కుప్పలుగా కనిపించేది. కోతలయ్యాక యానాది కుటుంబం ఒకటి వచ్చి పొలం గట్ల మీద ఎలుకల బుట్టలు పెట్టేది, కలుగులకి పొగ పెట్టేది. ఏ కలుగులో కొక్కు ఉందో, ఏది ఖాళీదో కలుగు ముందున్న మట్టి చూసి చెప్పేసేవాడు ఆ పెద్దాయన. నా డిగ్రీలో ఆ చదువు లేదు. తవ్వితే కలుగులో దాచుకున్న వరి వెన్నులు దోసిళ్ళకొద్దీ బయటపడేవి. పట్టినకొద్దీ పట్టినా మళ్ళీ ఏడాదికి అన్నీ తయారు. పందికొక్కు చూలు మూడు వారాలకి కాస్త ఎక్కువ, అంతే. ఏనుగుది 22 నెలలు. అన్నట్టు, ఇంగ్లీషువాళ్ళు బ్యాండికూట్ అంటున్నది మన పందికొక్కునే. మాట మన తెలుగు నుంచే వెళ్ళింది. వెళ్ళి వెళ్ళి ఆస్ట్రేలియాలో పొట్ట సంచిలో పిల్లల్ని మోసే, ఎలుకతో ఏ సంబంధమూ లేని జంతువుకి కూడా అంటుకుంది. నకలు తీసేటప్పుడు పేరు ఎక్కడికో కొట్టుకుపోవడం అంటే ఇదే.

నకలు అంటే గుర్తొచ్చింది. బిడ్డకి చేరాలంటే డీఎన్ఏకీ నకలు తీయాలి, అందులో తప్పులు పడతాయి. డీఎన్ఏలో వచ్చే అలాంటి మార్పునే మ్యుటేషన్ అంటాం. మ్యుటేషన్ అనగానే మన దగ్గర ఎవరికైనా ముందు తట్టేది పాస్‌బుక్కు. నాన్న పోయాక పొలం కాగితాల్లో పేరు మార్పించడానికి అన్నయ్యా నేనూ తిరిగిన తిరుగుడు ఇంకా కాళ్ళకి గుర్తుంది. అయితే ఆ తిరుగుడులో నాకు పాఠానికి పనికొచ్చే పోలిక ఒకటి దొరికింది. పాత దస్తావేజు, దాని నకలు, ఆ నకలుకి నకలు వరసగా పరిచి చూస్తే ముత్తాత పేరులో ఒకచోట ఒత్తు ఎగిరిపోయింది. అక్కణ్ణుంచి వచ్చిన కాగితాలన్నిటిలోనూ ఆయన ఒత్తు లేకుండానే ఉన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. దానివల్ల సెంటు భూమి కూడా అటూ ఇటూ కాలేదు కదా. అదే సర్వే నంబరులో అంకె మారి ఉంటే పక్క చేనువాళ్ళు ఊరుకుంటారా? కోర్టుకెక్కుతారు, తప్పు అక్కడితో ఆగిపోతుంది.

డీఎన్ఏలోనూ అంతే. హాని చేసే తప్పుని ప్రకృతి ఏరేస్తుంది. ఒత్తు పోవడం లాంటి తప్పు మాత్రం ఏ అడ్డూ లేకుండా కిందికి దిగుతుంది, అదృష్టం ఉంటే జాతి మొత్తానికీ పాకుతుంది. అణువుల స్థాయిలో మనం చూసే మార్పుల్లో ఎక్కువ భాగం ఇలాంటి తటస్థమైనవే అని 1968లో జపాన్ శాస్త్రవేత్త మోతో కిమురా అన్నారు. ఆ లెక్కలో అందమైన సంగతి ఒకటుంది. తటస్థమైన మార్పులు జాతిలో స్థిరపడే వేగం జనాభా మీద ఆధారపడదు, తప్పులు పుట్టే వేగం ఎంతో అంతే ఉంటుంది. అంతకు కొన్నేళ్ళ ముందే, 1962లో, జుకర్‌కాండల్, పాలింగ్ అనే శాస్త్రవేత్తలు రక్తంలోని హిమోగ్లోబిన్‌ని రకరకాల జంతువుల్లో పోల్చి, తేడాల సంఖ్యని బట్టి ఆ జంతువులు ఒకే పూర్వీకుడి నుంచి ఎప్పుడు విడిపోయాయో అంచనా వేయొచ్చని చూపించారు. మాలిక్యులర్ క్లాక్ అన్న పేరు అలా వచ్చింది.

క్లాక్ అనగానే మనకి గోడ గడియారమే గుర్తొస్తుంది. అందరికీ ఒకటే టైమ్ చూపించేది. ఆ పేరు చేసిన అపకారం ఇంతా అంతా కాదు. ఇరవై ఏళ్ళు తిరగ్గానే, ఎలుకల గడియారం మనిషి గడియారం కంటే ఎక్కువ వేగంగా కొట్టుకుంటోందని తేలిపోయింది. 2002లో చిట్టెలుక జీనోమ్, అంటే దాని డీఎన్ఏ మొత్తం చదివినప్పుడు చూస్తే, మనిషీ చిట్టెలుకా విడిపోయాక ఎలుక వంశంలో పేరుకున్న మార్పుల వేగం మనిషి వంశంలో కంటే సుమారు రెండింతలు.

రెండింతలు. ఈ అంకె దగ్గర ఆగమని నా విద్యార్థులకి ఎప్పుడూ చెప్పలేదు, నేనూ ఆగలేదు. ఆగాల్సింది. మనిషికి తరం అంటే పాతిక, ముప్ఫై ఏళ్ళు. ఎలుకకి ఏడాది కూడా కాదు. నా కీలో ఉన్న కారణమే అసలు కారణమైతే తేడా రెండింతలు కాదు, కనీసం పాతిక రెట్లు ఉండాలి. మిగతా రెట్లన్నీ ఏ గట్టు కింద దాక్కున్నాయి?

కొంత సమాధానం సులువే. విడిపోయిన మొదటి రోజు నుంచీ మన పూర్వీకులు ముప్ఫై ఏళ్ళకి పిల్లల్ని కనలేదు. చాలా కోట్ల ఏళ్ళపాటు వాళ్ళూ చిన్న జంతువులే, తొందరగా కనేవాళ్ళే. కానీ రెండో సమాధానం నా కీని నిలువునా చీల్చేది. తరానికి ఎన్ని తప్పులు అని లెక్కపెడితే ఎక్కువ తప్పులు చేసేది మనిషే. మన బిడ్డ ఒక్కొక్కరిలో అమ్మానాన్నల్లో లేని కొత్త మార్పులు 60, 70 దాకా ఉంటాయి. చిట్టెలుక పిల్లలో అందులో సగం కూడా ఉండవు. ఎలుక తక్కువ తప్పులతో ఎక్కువ నకళ్ళు తీస్తుంది, మనం ఎక్కువ తప్పులతో తక్కువ నకళ్ళు తీస్తాం. ఏడాది లెక్కకి వచ్చేసరికి ఎలుకే ముందుంటుంది, కానీ తరాల లెక్క చెప్పినంత ముందు కాదు.

మన తరానికి అన్ని తప్పులు ఎందుకంటే, తరం అంటే ఒక్క నకలు కాదు. ఒక తరంలోనే కణాలు ఎన్నోసార్లు విడిపోతాయి. ఆడవాళ్ళలో అండాలకి ఆరంభం పుట్టకముందే పడిపోతుంది. అంటే నేను పుట్టబోయే అండం మా అమ్మ ఇంకా అమ్మమ్మ కడుపులో ఉండగానే తయారైపోయింది. (ఈ మాట క్లాసులో చెప్పిన ప్రతిసారీ ఒక నిమిషం నిశ్శబ్దం. సిలబస్ మొత్తంలో అలాంటి నిమిషాలు నాలుగో ఐదో ఉంటాయి.) మగవాళ్ళ సంగతి వేరు. వీర్యకణాల్ని తయారుచేసే మూలకణాలు యవ్వనం వచ్చిన దగ్గర్నుంచీ ఏడాదికి సుమారు 23 సార్లు విడిపోతూ పోతాయి. దస్తావేజు లేఖరి చేయి ఆగదు. ఐస్‌లాండ్ కుటుంబాల మీద 2017లో వచ్చిన లెక్క ప్రకారం తండ్రి వయసు ఒక్కో ఏడు పెరిగేకొద్దీ బిడ్డకి వెళ్ళే కొత్త మార్పులు సగటున 1.51 పెరుగుతాయి. ఆలస్యంగా పిల్లల్ని కనేవాళ్ళలో తప్పులు పేరుకుంటాయన్నమాట.

ఇదంతా నకలు కథే కాబట్టి నా కీ ఇంకా బతికే ఉందనుకుని ఊపిరి పీల్చుకోబోయాను. కానీ అదే లెక్కలో రెండో అంకె ఉంది. తల్లి వయసు ఒక్కో ఏడు పెరిగితే కూడా మార్పులు పెరుగుతున్నాయి, 0.37 చొప్పున. అండం విడిపోవడం లేదు కదా! ఎవరూ నకలు తీయడం లేదు, అది ఊరికే కూర్చుని ఉంది. మరి తప్పులు ఎక్కడివి?

బీరువాలో పెట్టిన దస్తావేజుకి చెదలు పట్టినట్టే. రాయకపోయినా కాగితం పాడవుతుంది. తేమ, పురుగు, ఎండ. కణంలోనూ ఆక్సిజన్ వాడకంలో పుట్టే చురుకైన అణువులు డీఎన్ఏని కొరుకుతూ ఉంటాయి. డీఎన్ఏలో సీ అక్షరం పక్కన జీ ఉన్న చోట్ల, ఆ సీ దానంతట అదే రసాయన మార్పు చెంది టీ అయిపోవడం మామూలు. క్షీరదాల్లో ఆ రకం మార్పులు తరం పొడవుని మిగతా వాటంత లెక్కచేయవు, కాలాన్నే లెక్కచేస్తాయి. అంటే ఒకే జంతువు లోపల కూడా గడియారం ఒకటి కాదు. ఒకటి నకళ్ళని లెక్కపెడుతుంది, ఇంకోటి ఏళ్ళని.

ఆ పిల్ల రాసిన పొగ ఇదే.

మరింత సిగ్గుపడాల్సింది ఇంకా ఉంది. ఏ పుస్తకమూ చూడకుండా ఆ పిల్ల రాసిన మాటని 1993లో మార్టిన్, పలుంబి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పెద్ద జర్నల్లో ప్రతిపాదించారు. ఒంటి బరువు చిన్నదైతే జీవక్రియ వేగం ఎక్కువ, అందుకే డీఎన్ఏ మార్పు వేగం ఎక్కువ అని. చల్లని రక్తం ఉన్న సొరచేపల డీఎన్ఏ నెమ్మదిగా మారడం వాళ్ళ వాదానికి బలం. ఏనుగు గుండె నిమిషానికి 30 సార్లు కొట్టుకునే లోపు చిట్టెలుకది 500 దాటుతుంది. నమ్మాలనిపించే వాదమే. ఇది తెలియని నేను సున్నా వేశాను.

అయితే ఇప్పుడు ఆ పిల్ల పక్షాన పూర్తిగా నిలబడగలనా? లేదు. ఎందుకు లేదో చెప్పడానికి గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళాలి.

ఒక రైతు 10 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు తెచ్చాడనుకోండి. పది టిక్కీలూ కోసి చూసి, పదింటిలోనూ కాయ ఎర్రగా, పొడుగ్గా ఉంది, నల్లరేగడి నేలలో పండినదే అని తెలుసుకున్నారు. నల్లరేగడిలో పండితే రంగు బాగుంటుందని దీన్నిబట్టి చెప్పొచ్చా? పది సాక్ష్యాలు ఉన్నాయి కదా! లేవు. ఉన్నది ఒక్క రైతు, ఒక్క విత్తనం, ఒక్క చేను. క్షీరదాల్ని పోల్చడంలోనూ ఇదే మోసం. చిట్టెలుక, ఎలుక, పందికొక్కు మూడు సాక్ష్యాలు కావు, ఒకే ఇంటి అన్నదమ్ములు. మూడూ చిన్నవే, మూడింటి డీఎన్ఏ వేగమే. అది వాళ్ళ తాత నుంచి వచ్చిన ఒకే ఒక్క సంగతి. ఈ చిక్కుని ఎలా విప్పాలో 1985లో జోసెఫ్ ఫెల్సెన్‌స్టీన్ చూపించారు. దగ్గరి చుట్టాల్ని జంటలుగా తీసుకుని, జంటలో ఉన్న తేడానే సాక్ష్యంగా లెక్కపెట్టాలి. క్షీరదాల మీద లిండెల్ బ్రామమ్ బృందం 1990ల నుంచీ చేస్తున్న పని ఇలాంటిదే. ఇలా సరిగ్గా జంటలు కట్టి, జంతువులన్నిటి మీదా చూసినప్పుడు జీవక్రియ వేగానికి విడిగా బలం కనిపించలేదని 2007లో ఆవిడ కూడా ఉన్న బృందమే తేల్చింది. పొగ ఉంది, కానీ పొయ్యి మంటని బట్టి పొగ లెక్క కట్టలేం.

ఇంకో చిక్కు కూడా ఉంది, నాకు ఇది పెద్దదనిపిస్తుంది. చిన్న జంతువంటే చిన్న ఒళ్ళు ఒక్కటే కాదు. తొందరగా ఈడుకొస్తుంది, ఈతకి ఎక్కువ పిల్లల్ని కంటుంది, వేగంగా తింటుంది, తొందరగా పోతుంది. పొత్తుల సంసారంలా అన్నీ ఒకే కట్టుగా వస్తాయి. అందులో ఎవరు సంపాదిస్తున్నారో బయటివాళ్ళకి తెలియదు. అందుకే కట్టు విడిపోయిన జంతువులంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. గబ్బిలాన్ని చూడండి. ఎలుకంత కూడా ఉండని కొన్ని రకాలు ముప్ఫై ఏళ్ళు దాటి బతుకుతాయి, చాలా రకాలు ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి. తూర్పు ఆఫ్రికాలో నేల కింద బతికే ఒంటిమీద బొచ్చులేని ఎలుకజాతి ఒకటుంది, నేకెడ్ మోల్ ర్యాట్ అంటారు. చేతిలో ఇమిడే ప్రాణి, ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది.

2022లో ఈ మోల్ ర్యాట్‌తో సహా 16 రకాల క్షీరదాల పేగు కణాల్ని చదివారు. ఏడాదికి ఒక్కో కణంలో ఎన్ని మార్పులు పేరుకుంటాయని లెక్క. చిట్టెలుకలో 796. మనిషిలో 47. జిరాఫీలో 99, మోల్ ర్యాట్‌లో 93. జిరాఫీ ఎక్కడ, అరచేతిలో పట్టే ఎలుక ఎక్కడ! బరువుతో చూస్తే అర్థం లేని జత. ఆయుష్షుతో చూస్తే రెండూ దగ్గర దగ్గర. ఆ 16 జంతువుల ఆయుష్షుల్లో 30 రెట్ల తేడా ఉంటే, చనిపోయేనాటికి పేరుకున్న మొత్తం మార్పుల్లో తేడా 3 రెట్లే. అంటే ఎవరి ఆయుష్షుకి తగ్గట్టు వాళ్ళు తప్పుల్ని అదుపులో పెట్టుకుంటున్నట్టు కనిపిస్తోంది.

పొలం కాపలాకి వేసుకునే గుడిసెకి ఎవరూ టేకు వాసాలు పెట్టరు. పంట ఇంటికొచ్చేదాకా నిలిస్తే చాలు. పందికొక్కు ఒళ్ళు అలాంటి గుడిసె. పాము, గద్ద, బుట్ట, ఏదో ఒకటి ఏడాదిలోపు దాన్ని పట్టేస్తుంది. అలాంటి ఒంటికి ఖరీదైన మరమ్మతు దేనికి? వందేళ్ళు నిలవాల్సిన ఇంటికే మరమ్మతు అక్కర. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో విడిగా డీఎన్ఏ ఉంటుంది, అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. అందులో ఈ లెక్క ఇంకా బలంగా కనిపిస్తుంది. 2008లో నభోల్జ్, గ్లెమాన్, గాల్టియే వందలాది క్షీరదాల్ని పోల్చినప్పుడు మార్పు వేగం జాతికి జాతికి 100 రెట్ల దాకా తేడా పడింది, అందులో ఎక్కువకాలం బతికేవాటి వేగం తక్కువ. కీలో ఒకే మాట రాయాలని నా మెడ మీద కత్తి పెడితే నేనిప్పుడు తరం అని రాయను, ఆయుష్షు అని రాస్తాను.

కానీ నా వాదంలో కన్నం ఎక్కడుందో నేనే చెప్పాలి. పేగు కణంలో వచ్చిన తప్పు బిడ్డకి పోదు, ఆ ఒంటితోనే కాలిపోతుంది. తరాలు దాటేది అండంలో, వీర్యంలో వచ్చిన తప్పే. 2023లో 68 రకాల వెన్నెముక జంతువుల్లో తల్లి, తండ్రి, బిడ్డల డీఎన్ఏ పక్కపక్కన పెట్టి చూశారు. తరానికి వచ్చే మార్పుల వేగంలో జాతుల మధ్య 40 రెట్ల తేడా ఉంది. ఆ తేడాని నడిపిస్తున్నవి తరం పొడవు, ఈడుకొచ్చే వయసు, పిల్లల సంఖ్య. చూశారా, తరం మళ్ళీ తలుపు తట్టింది. తరిమేశాననుకున్న ఎలుక అటక మీద చప్పుడు చేసినట్టు.

దీనివల్ల మనకేమిటి అని మా అన్నయ్య అడిగాడు. తేదీలు మారతాయి. 1967లో సారిచ్, విల్సన్ రక్తంలోని ప్రొటీన్లని పోల్చి మనిషీ, ఆఫ్రికాలోని చింపాంజీ, గొరిల్లాలూ విడిపోయి 50 లక్షల ఏళ్ళే అయిందన్నారు. అప్పటిదాకా అంతకంటే చాలా పాతది అనుకునేవాళ్ళు. ఇటీవల కుటుంబాల్లోనే మార్పుల్ని నేరుగా లెక్కపెడితే, మన గడియారం ఇదివరకు వాడిన లెక్కలో సగం వేగంతోనే నడుస్తోందని తేలింది. గడియారం నెమ్మదైతే అదే తేడాకి ఎక్కువ కాలం పట్టి ఉండాలి, కాబట్టి విడిపోయిన తేదీ మళ్ళీ వెనక్కి జరిగింది. దీనికి తలకిందుల కథ కూడా ఉంది. మొదటి క్షీరదాలు చిన్నవి. వాటి గడియారం వేగంగా నడిచిందని మరిచిపోయి, ఇప్పటి ఏనుగులు, మనుషుల వేగంతో లెక్క కడితే అసలు కంటే చాలా పాత తేదీ వస్తుంది. డైనోసార్లు పోయిన 6.6 కోట్ల ఏళ్ళనాటి తేదీకీ డీఎన్ఏ తేదీలకీ మధ్య నడిచిన గొడవలో ఇదొక ముఖ్యమైన అనుమానం.

"అయితే ఎలుకలు మనకంటే ముందుకు పోతున్నాయన్నమాట. అందుకే మందు తినడం మానేశాయి" అన్నాడు అన్నయ్య. ఇక్కడ రెండు తప్పులు. వేగంగా మారడానికీ ముందుకు పోవడానికీ సంబంధం లేదు, ఒత్తులు ఎక్కువ ఎగిరిపోతున్నాయంతే. రెండోది, జింక్ ఫాస్ఫైడ్ తిన్న ఎలుక చావకుండా తప్పించుకుంటే మళ్ళీ దాని జోలికి రాదు. అది తెలివి, డీఎన్ఏ కాదు. నిజంగా డీఎన్ఏ మారి మందుకి లొంగని ఎలుకలూ ఉన్నాయి. వార్ఫరిన్‌కి లొంగని ఎలుకలు 1958లో స్కాట్లండ్‌లో కనిపించాయి, దానికి కారణమైన జీను 2004లో దొరికింది. అన్నయ్య అంతా విని "ఏమైనా బుట్టే నయం" అన్నాడు. ఆ విషయంలో ఆయనతో వాదించను.

పరీక్షలైపోయాక ఆ అమ్మాయిని స్టాఫ్ రూముకి పిలిచాను. పేపరు తిరిగి ఇచ్చి, చదివినదంతా చెప్పాను. దస్తావేజు, చెదలు, టిక్కీలు, మోల్ ర్యాట్. ఓపిగ్గా విని "అంటే నాకు ఎన్ని మార్కులు మేడమ్?" అని అడిగింది. బెజవాడ పిల్ల మరి. రెండుకి ఒకటి వేశాను.

"మరి తరం అని రాసినవాళ్ళకి?"

వాళ్ళ పేపర్లు అప్పటికే ఇచ్చేశాను. వెనక్కి తీసుకుని మార్కు తగ్గిస్తే ఎంత గొడవవుతుందో ఊహించుకోండి. తగ్గించలేదు. నా కీ మీద మాత్రం రెండు కొట్టేసి ఒకటి వేసి, ఆ పిల్లకి చూపించాను.